ఎర్రమట్టి మెట్టకు సున్నం: ఏది కొనాలి, ఎంత వేయాలి, ఎప్పుడు చల్లాలి?

ప్రశ్న: మాది పాడేరు ప్రాంతం. రెండు ఎకరాల ఎర్రమట్టి మెట్ట, దాని దిగువన అర ఎకరం వరి మడి ఉన్నాయి. మెట్టలో మొక్కజొన్న, రాజ్మా, కొంత అల్లం వేస్తున్నాం. కొన్నేళ్ళుగా డీఏపీ (భాస్వరం, నత్రజని ఉన్న ఎరువు) ఎంత వేసినా దిగుబడి పెరగడం లేదు. మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ (నేల పులుపు కొలత; 7 తటస్థం, అంతకు తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.1 అని వచ్చింది, సున్నం వేయమన్నారు. దుకాణాలలో అడిగితే ఒకరు జిప్సం, ఒకరు డోలమైటు (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి), మరొకరు చేపల చెరువులకు వాడే సున్నం పొడి ఇస్తామంటున్నారు. ధరలలో చాలా తేడా ఉంది. ఏది కొనాలి? ఎకరానికి ఎన్ని బస్తాలు? డీఏపీతో కలిపి చల్లవచ్చా? సున్నం వేస్తే అల్లంలో దుంప కుళ్ళు తగ్గుతుందా? ఇంటి వెనుక ఉన్న కాఫీ తోటకు కూడా వేయాలా?

సమాధానం: ముందుగా జిప్సం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీరు నష్టపోయే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. అందులో కాల్షియం ఉన్న మాట నిజమే కానీ, నేలలోని పులుపును విరిచే గుణం దానికి లేదు. ఆమ్లాన్ని విరిచేది కార్బొనేటు, ఆక్సైడు, హైడ్రాక్సైడు రూపంలో ఉన్న సున్నం. జిప్సం చౌడు నేలల బాగుకు పనికివస్తుంది, వేరుశనగలో ఊడలు దిగే సమయంలో కాయ గట్టిపడడానికి కాల్షియాన్ని, గంధకాన్ని అందిస్తుంది. మైదానాలలో రైతులు దానిని విరివిగా వాడడం చూసి దుకాణదారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు. అయినా 5.1 పీహెచ్ ఉన్న మీ మెట్టలో ఎన్ని బస్తాల జిప్సం వేసినా ఆ అంకె పైకి కదలదు. దానిని పక్కన పెట్టండి.

డీఏపీ ఎందుకు పని చేయడం లేదన్నది మీ ఉత్తరంలోని అసలు బాధ. పీహెచ్ 5.5 కంటే దిగువకు వెళ్ళినప్పుడు మట్టిలో బంకమన్నుతో కలిసి ఉన్న అల్యూమినియం కరిగి వేర్లకు తగిలే రూపంలోకి వస్తుంది. అది వేరు కొనలను దెబ్బతీస్తుంది. వేర్లు పొట్టిగా, మొద్దుగా మిగిలిపోతాయి, లోతుకు దిగవు, నాలుగు రోజులు వాన ఆగితే మొక్క వాడిపోతుంది. మరోవైపు, మీరు వేసిన భాస్వరం అదే అల్యూమినియంతోనూ, ఎర్రమట్టిలో సమృద్ధిగా ఉండే ఇనుముతోనూ కలిసి మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న భాస్వరంలో ఎక్కువ భాగం నేలలోనే బందీ అయిపోతోంది. ఈ స్థితిలో మరో బస్తా డీఏపీ వేయడం కంటే ఆ డబ్బును సున్నానికి ఖర్చు చేయడమే మేలు. పీహెచ్ కొలతలో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా అని గుర్తుంచుకుంటే, 5.1కీ 6.1కీ మధ్య దూరం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

మీ నేల పుల్లబడడానికి మొదటి కారణం కొండ ప్రాంతపు అధిక వర్షాలు. ఏటా కురిసే వానలు కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలను మట్టిలోంచి కడిగివేస్తాయి. పోడు కొట్టిన తొలి ఏడాది పంట బాగా పండి, తరువాత ఏటేటా తగ్గిపోతుందని మీ పెద్దలకు తెలిసే ఉంటుంది. దానికి ఉన్న కారణాలలో ఒకటి, కాల్చిన కలప బూడిదలో సున్నపు గుణం ఉండడం, అది వానలకు క్రమంగా కొట్టుకుపోవడం. రెండవ కారణం ఎరువులు. లెక్క ప్రకారం 100 కిలోల యూరియా నేలలో పుట్టించే ఆమ్లాన్ని విరవడానికి సుమారు 80 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటు కావాలి, అంటే ఒక 45 కిలోల బస్తాకు 36 కిలోలు. అమ్మోనియం సల్ఫేటుకైతే 100 కిలోలకు 110 కిలోలు అవసరమవుతుంది. డీఏపీ కూడా నేలను పుల్లబరిచే ఎరువే. ఇందుకని వీటిని మానివేయమని నేను చెప్పడం లేదు. వీటిని వాడే రైతు సున్నాన్ని కూడా సాగు ఖర్చులో ఒక పద్దుగా రాసుకోవాలని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

వరి మడికి ప్రస్తుతం సున్నం కొనవద్దు. నీరు నిలబెట్టిన కొన్ని వారాలలో, గాలి ఆడని ఆ బురదలో జరిగే రసాయనిక మార్పుల వల్ల పుల్ల నేల పీహెచ్ దానంతట అదే తటస్థ స్థితి వైపు పెరుగుతుంది, భాస్వరం కూడా కొంత విడుదలవుతుంది. దిగువ మడులలో ఆకులపై గోధుమ రంగు మచ్చలు వచ్చి, వేర్లకు తుప్పు పట్టినట్లు కనిపిస్తే అది ఇనుము ఎక్కువైన లక్షణం. అటువంటప్పుడు మురుగు నీరు తీయడం, అవసరమైతే సున్నం వేయడం గురించి ఆలోచించవచ్చు. మీరు ఆ లక్షణాలేవీ రాయలేదు కనుక ఉన్న డబ్బంతా మెట్ట మీద పెట్టండి.

ఇక ఎంత వేయాలన్నది. పీహెచ్ 5.1 అన్న ఒక్క అంకెను బట్టి ఎవరూ బస్తాల లెక్క చెప్పలేరు, చెప్పినా నమ్మవద్దు. ఒకే పీహెచ్ ఉన్న రెండు పొలాలలో ఇసుక పాలు ఎక్కువైన దానికి తక్కువ సున్నం, బంకమన్ను, సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న దానికి రెండు మూడు రెట్లు సున్నం అవసరమవుతాయి. మట్టి తనలో దాచుకున్న ఆమ్లం ఎంతో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో ఒక ప్రత్యేక ద్రావణంతో మరో పరీక్ష చేస్తారు. 1961లో షూమేకర్, మెక్లీన్, ప్రాట్ రూపొందించిన ఆ పద్ధతిని మన ప్రయోగశాలల్లోనూ వాడుతున్నారు. కాబట్టి మీ రైతు సేవా కేంద్రంలో గానీ, చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో గానీ మళ్ళీ అడిగేటప్పుడు, ‘పీహెచ్ తెలుసు, సున్నం ఎంత అవసరమో పరీక్షించి చెప్పండి’ అని విడిగా అడగండి. నమూనా ఎలా తీశారన్నది కూడా ముఖ్యమే. పొలంలో వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క అంచు నుండి పై నుంచి కింది వరకు ఒకే మందంలో మట్టిని చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసివేస్తూ చివరికి అర కిలో మిగుల్చుకోవాలి. గట్ల పక్కన, ఎరువు కుప్ప పోసిన చోట, చెట్టు నీడన తీయకూడదు. వాలు మీద ఎగువ భాగానిదీ దిగువ భాగానిదీ మట్టి రంగు వేరుగా ఉంటే రెండు నమూనాలు పంపండి.

ఆ ఫలితం వచ్చేదాకా ఒక అంచనా కావాలంటే, తేలికపాటి ఎర్ర నేలలో పీహెచ్‌ను ఒక అంకె పెంచడానికి ఎకరానికి సుమారు 600 నుండి 800 కిలోలు, ఒండ్రు కలిసిన మధ్యరకం నేలలో ఒక టన్నుకు పైగా స్వచ్ఛమైన సున్నపురాయి పొడి పడుతుంది. ఇది బస్తాలు కొనడానికి కావలసిన లెక్క కాదు, మీ చేతిలో ఎంత డబ్బు ఉండాలో ఊహించుకోవడానికి మాత్రమే. గురి కూడా అదుపులో ఉంచుకోండి. మీ పంటలకు 6.0 దరిదాపులకు చేరితే చాలు, 7 దాకా తీసుకువెళ్ళవలసిన పని లేదు.

అంత మొత్తం ఒకేసారి పెట్టలేకపోతే, తూర్పు భారతదేశపు పుల్ల నేలల్లో చిన్న రైతుల కోసం సిఫారసు చేసిన పద్ధతి ఒకటి ఉంది. మొత్తం అవసరంలో దాదాపు పదో వంతు, అంటే హెక్టారుకు 2 నుండి 4 క్వింటాళ్ళు, మన లెక్కలో ఎకరానికి 80 నుండి 160 కిలోల మెత్తని సున్నం పొడిని విత్తే సమయంలో చాళ్ళలో మాత్రమే వేస్తారు. పొలమంతా మారదు, కానీ మొలక వేరు పెరిగే ఆ సన్నని పట్టీలో అల్యూమినియం బెడద తగ్గుతుంది. ఏటా వేయవలసి వస్తుంది, సాళ్ళలో విత్తే మొక్కజొన్నకు, రాజ్మాకు ఇది చక్కగా సరిపోతుంది. కొండ మీదకు సున్నం మోసుకొచ్చే ఖర్చును తలచుకుంటే, మీ పరిస్థితిలో నేనైతే మొదటి ఏడాది రెండు ఎకరాలకూ ఈ పద్ధతినే ఎంచుకుంటాను. అల్లం వేయబోయే చెక్కకు (పొలం ముక్కకు) మాత్రం పూర్తి మోతాదు చల్లుతాను.

కొనేటప్పుడు బస్తా ధర చూడడం వల్ల ప్రయోజనం లేదు. రెండు సంగతులు అడగాలి. మొదటిది ఆమ్లాన్ని విరిచే శక్తి. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటు శక్తిని 100గా తీసుకుంటే స్వచ్ఛమైన డోలమైటుకు దాదాపు 109, కాల్చిన సున్నానికి నీళ్ళు చల్లి విరిచిన పొడికి సుమారు 135, బట్టీ నుండి వచ్చిన సున్నపు గడ్డకు సుమారు 179 ఉంటుంది. బజారులో దొరికే సరుకులో మట్టి, ఇసుక కలిసి ఉంటాయి కనుక అసలు అంకె అంతకన్నా తక్కువే. రెండవది మెత్తదనం. సున్నపురాయి నీటిలో దాదాపు కరగదు, రేణువు ఎంత సన్నగా ఉంటే మట్టితో అంత త్వరగా కలుస్తుంది. 60 మెష్ జల్లెడలోంచి, అంటే పావు మిల్లీమీటరు రంధ్రాలలోంచి దిగే పొడి ఈ ఏడాదే పని చేస్తుంది. పంచదార పలుకు కంటే లావుగా ఉన్నది ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది.

ఈ రెండింటినీ కలిపి లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఉదాహరణకు కిలో 4 రూపాయల సున్నపురాయి పొడి ఒకటి, 3 రూపాయల డోలమైటు ఒకటి ఉన్నాయనుకోండి. ఈ ధరలు లెక్క కోసం తీసుకున్నవి మాత్రమే. మొదటి దాని శక్తి 85, అందులో 90 శాతం మెత్తని పొడి. అంటే 100 కిలోలలో ఈ ఏడాది పని చేసేది 76.5 కిలోలు, కిలోకు పడేది 5 రూపాయల 23 పైసలు. రెండవ దాని శక్తి 95, కానీ సగం పలుకులే. పని చేసేది 47.5 కిలోలు, కిలోకు 6 రూపాయల 32 పైసలు. ఇప్పుడు రెండింటికీ ఘాట్ రోడ్డు మీద రవాణా కిలోకు 2 రూపాయలు కలపండి. మొదటిది 7 రూపాయల 84 పైసలు, రెండవది 10 రూపాయల 53 పైసలు అవుతాయి. మొదట రూపాయి ఉన్న తేడా రెండున్నర రూపాయలు దాటింది, ఎందుకంటే పనికిరాని పలుకులకు కూడా మీరు కిరాయి చెల్లిస్తున్నారు. కొండ ప్రాంత రైతుకు చవక సరుకు ఎందుకు ప్రియమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. బస్తాల సంఖ్య కూడా ఇలాగే తేలుతుంది. ప్రయోగశాల ఎకరానికి 800 కిలోల కాల్షియం కార్బొనేటు అని రాసిస్తే, పై మొదటి రకం 800ను 0.765తో భాగించగా సుమారు 1,050 కిలోలు, 50 కిలోల బస్తాలు 21 పడతాయి.

మీకు చెప్పిన రకాలలో చేపల చెరువుల సున్నం అన్న పేరుతో మూడు వేర్వేరు సరుకులు అమ్ముతారు: సున్నపురాయి పొడి, డోలమైటు పొడి, కాల్చి విరిచిన సున్నం. ఏదో అడిగి తెలుసుకోండి, బస్తా మీద రాసి లేకపోతే బిల్లు మీద రాయించుకోండి. ఈ వానల ప్రాంతంలో మెగ్నీషియం కూడా కడిగివేతకు గురవుతుంది కాబట్టి, మెత్తగా ఉన్న డోలమైటు దొరికితే ఒక విడత దానికే నా ఓటు. ముదురు ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు రంగుకు తిరుగుతుంటే మరీ అవసరం. పిడుగురాళ్ళ వంటి చోట బట్టీలలో కాల్చిన సున్నం త్వరగా పని చేస్తుంది, తక్కువ బరువు మోస్తే చాలు. అయితే నీళ్ళు చల్లి పూర్తిగా విరిచిన పొడినే తీసుకోవాలి. బట్టీ గడ్డలను పొలానికి తేవద్దు. అవి తడి తగిలితే వేడెక్కి చేతులను, కళ్ళను కాల్చివేస్తాయి, లేత వేర్లనూ చంపుతాయి. ఉక్కు కర్మాగారాల స్లాగును (లోహం కరిగించాక మిగిలే చిట్టాన్ని) సన్నగా పొడి చేస్తే అదీ పని చేస్తుంది, పలుకులుగా ఉంటే వద్దు. చక్కెర మిల్లుల మడ్డిలో కార్బొనేషన్ (బొగ్గుపులుసు వాయువుతో చెరకు రసాన్ని శుద్ధి చేసే) పద్ధతిలో వచ్చినదే పుల్ల నేలకు తగినది, సల్ఫిటేషన్ (గంధకపు వాయువుతో శుద్ధి చేసే) పద్ధతిలో వచ్చినది తగదు.

దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. చిటికెడు పొడి మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పిండితే సున్నపురాయి పొడి చురచుర పొంగుతుంది, డోలమైటు నెమ్మదిగా, కొద్దిగా బుడగలు వదులుతుంది, జిప్సం కదలదు. దీనితో స్వచ్ఛత తెలియదు కానీ మోసం తెలుస్తుంది.

చల్లే సమయం విషయానికి వస్తే, అల్లం చెక్కలో మొక్కజొన్న కోత అయిన వెంటనే, నేలలో ఇంకా చెమ్మ ఉండగానే సున్నం చల్లి దున్నడం అన్నిటికంటే మంచిది. సున్నం పని చేయాలంటే తడి కావాలి. ఎండిన మట్టిలో అది అలాగే పడి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో దుంపలు నాటేసరికి కొన్ని నెలల వ్యవధి దొరుకుతుంది. వీలు కాకపోతే కనీసం మూడు వారాలు ముందుగానైనా వేయండి. ఎకరానికి వెయ్యి కిలోలంటే సెంటుకు 10 కిలోలు. పొలాన్ని తాళ్ళతో సెంటు సెంటుగా విడదీసి, ఒక్కో భాగానికి కొలిచి పెట్టుకుని, అందులో సగం ఒక దిక్కున, మిగతా సగం దానికి అడ్డంగా చల్లితే తప్పు పోదు. గాలి లేని ఉదయం చల్లండి. ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టుకోండి. చల్లిన రోజే వాలుకు అడ్డంగా దున్ని 15 సెంటీమీటర్ల లోతు వరకు కలపండి. కొండవాలు మీద పైపైన వదిలేసిన సున్నం ఒక్క గట్టి వానకు దిగువ గెడ్డలో (వాగులో) చేరుతుంది, మీరు పెట్టిన ఖర్చు దానితో పాటే పోతుంది.

డీఏపీతో కలపవద్దు. సున్నం తగిలిన అమ్మోనియా ఎరువుల నుండి నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది, భాస్వరం కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. యూరియాతోనూ, సూపర్ ఫాస్ఫేటుతోనూ, పశువుల ఎరువుతోనూ కలపకూడదు. రెండు మూడు వారాల ఎడం ఇవ్వండి. చాళ్ళలో వేసే పద్ధతిలో అంత ఎడం కుదరదు కనుక అక్కడ మెత్తని సున్నపురాయి పొడి గానీ డోలమైటు గానీ మాత్రమే వాడి, మట్టితో కలిపి, ఎరువును నాలుగు వేళ్ళ పక్కగా వేరే చాలులో వేయండి. అక్కడ విరిచిన సున్నం వాడరాదు.

రాజ్మా గురించి ఒక హెచ్చరిక. పప్పుజాతి పంటే అయినా మన నేలల్లో దాని వేర్లకు నత్రజనిని పట్టి ఇచ్చే బుడిపెలు సరిగా కట్టవు, కాబట్టి సున్నం వేశామని నత్రజని తగ్గించకండి. సున్నం మేలు వేరు పెరుగుదలలోనూ, భాస్వరం అందడంలోనూ కనిపిస్తుంది. అల్లంలో దుంప కుళ్ళు మాత్రం సున్నంతో పోయేది కాదు. అది శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవుల తెగులు, నీరు నిలిచే చోట విజృంభిస్తుంది. ఎత్తు మడులు, మురుగు కాలువలు, తెగులు లేని విత్తన దుంప, అదే చెక్కలో ఏటా అల్లం వేయకపోవడం, వీటి మీదే దృష్టి పెట్టండి. సున్నం వల్ల మొక్క బలపడుతుంది, తెగులు నయమవుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఎక్కువైతే ఏమవుతుందన్నది కూడా తెలుసుకోవాలి. తేలిక నేలలో మోతాదు మించితే జింకు, బోరాన్, ఇనుము, మాంగనీసు అందక పైరు పాలిపోతుంది. వేసిన సున్నాన్ని వెనక్కి తీయలేము. బంగాళాదుంప వేసే ఆలోచన ఉంటే ఆ చెక్కకు సున్నం వేయకండి, పీహెచ్ పెరిగితే దుంపల మీద గజ్జి మచ్చలు ఎక్కువవుతాయి. పూర్తి మోతాదు వేసిన చెక్కలో ఏడాది తరువాత మళ్ళీ మట్టి పరీక్ష చేయించండి, చాళ్ళలో వేసే మెట్టలో ఒక రెండు సాళ్ళను సున్నం లేకుండా వదిలి పక్క సాళ్ళతో పోల్చి చూసుకోండి. మీ పొలంలో లాభం ఉందో లేదో ఆ సాళ్ళు చెప్పినంత ఖచ్చితంగా నేను ఇక్కడి నుండి చెప్పలేను.

కాఫీ తోటను మెట్టతో కలిపి చూడవద్దు. నీడ చెట్ల ఆకు రాలి కుళ్ళిన మట్టి తీరు వేరు, కాఫీ కొంత పులుపును తట్టుకుంటుంది. ఆహారం తీసుకునే వేర్లు పైపైనే ఉంటాయి కనుక లోతుగా దున్ని కలపడం కుదరదు. అవసరమని తేలితే డోలమైటును మొదళ్ళకు తగలకుండా, కొమ్మల నీడ పడినంత మేర పలుచగా చల్లి పైమట్టిని తేలికగా కదిలిస్తే సరిపోతుంది. దానికి ముందు ఆ తోట మట్టిని, పైన ఉన్న ఆకును తొలగించి, వేరుగా తీసి వేరే సంచిలో పరీక్షకు పంపండి.